చేతికి చదువు: వ్యాయామ చికిత్స మూలసూత్రాలు

వ్యాయామమనగానే తెలుగువారి మనస్సులో మొదట మెదిలేది తాలింఖానా. దండీలు, బస్కీలు, గద, సాము, ఉక్కు గొలుసులు తెంచి మోటారుకార్లను కదలకుండా నిలిపిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నవి. ఆరోగ్యవంతుడు మరింత బలవంతుడు కావడానికి చేసే సాధన అది. ఈ ప్రసంగానికి విషయమైన వ్యాయామం వేరు. ఆసుపత్రిలో ఒక మూలగదిలో, బల్లమీద చేయి ఆనించి కూర్చున్న రోగి తన చూపుడువేలిని అరంగుళం పైకి లేపడానికి పావుగంట సేపు ప్రయత్నిస్తాడు. చూచేవారికి అక్కడ ఏమీ జరుగుతున్నట్లు కనిపించదు. చప్పట్లు కొట్టే ప్రేక్షకులు లేరు. కాని ఆ అరంగుళం మీదనే అతని బ్రతుకుదెరువు ఆధారపడి ఉండవచ్చు.

ఇటువంటి వ్యాయామాన్ని చికిత్సా వ్యాయామమంటారు. ఫిజియోథెరపీ శాస్త్రానికి ఇది వెన్నెముక వంటిది. విద్యుత్ పరికరాలు, వేడి కాపడాలు, మర్దనలు ఆ శాస్త్రంలో ఉన్నవి గాని, వాటిలో పెక్కు రోగిని వ్యాయామానికి సిద్ధం చేసే ఉపకరణాలు మాత్రమే. రోగి తాను స్వయంగా చేయవలసిన పని ఏదో ఉన్నదన్నదే ఈ చికిత్సలోని ప్రత్యేకత. శస్త్రచికిత్స జరిగేటప్పుడు రోగి నిద్రలో ఉండవచ్చు. వ్యాయామం జరిగేటప్పుడు మాత్రం మెలకువగా ఉండక తప్పదు.

దీనిని ఔషధంతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సరైనదే కాని, దానిని చివరిదాకా పట్టించుకొనేవారు తక్కువ. "వ్యాయామం చేయండి" అని చెప్పి రోగిని పంపివేయడం, పేరూ మోతాదూ చెప్పకుండా "మందు వేసుకోండి" అని పంపివేయడం వంటిదే. ఏ కదలిక, ఎన్నిసార్లు, ఎంత బరువుతో, రోజుకు ఎన్ని పర్యాయాలు, ఎప్పుడు ఆపవలెను అనే అయిదు విషయాలు చెప్పినప్పుడే అది చికిత్స అవుతుంది. మోతాదు తగ్గితే ప్రయోజనం ఉండదు, మించితే హాని జరుగుతుంది. ఈ భావం మన దేశానికి కొత్తది కాదు. మనిషి తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని, అంతకు మించితే రోగాలు కలుగుతాయని సుశ్రుత సంహిత ఏనాడో విధించినది.

ఆధునిక కాలంలో స్వీడన్ దేశీయుడు పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్ నగరంలో స్థాపించిన వ్యాయామ విద్యాసంస్థ ఈ శాస్త్రానికి ఒక రూపం ఇచ్చినది. ఆ తరువాత దీనిని ముందుకు నడిపినవి రెండు మహావిపత్తులు: ప్రపంచ యుద్ధాలు, పోలియో. కాళ్ళు చేతులు చచ్చుబడిన పిల్లలు, మోకాళ్ళు విరిగిన సైనికులు వేలకొద్దీ ఆసుపత్రులకు చేరినప్పుడు, వారిని మంచంమీద పడుకోబెట్టి ఊరుకోవడం ఏ దేశానికీ సాధ్యం కాలేదు. మన దేశంలో కూడా బొంబాయి నగరంలో పోలియో ప్రబలిన అనుభవం నుండే 1950ల తొలి సంవత్సరాలలో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ శిక్షణ ఆరంభమైనది.

మోతాదు నిర్ణయించవలెనంటే ముందు కొలత కావలెను. కండరం బలాన్ని కొలవడానికి ఈ శాస్త్రం ఎన్నుకొన్న తూకపురాయి చాలా చవకైనది, అంతటా దొరికేది, భూమ్యాకర్షణ శక్తి. బోస్టన్ నగరంలో వైద్యుడు రాబర్ట్ లవెట్, ఆయన సహాయకురాలు విల్‌హెల్మిన్ రైట్ పోలియో పిల్లలను పరీక్షిస్తూ ఈ పద్ధతిని రూపొందించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి దానిని సున్న నుండి 5 వరకు అంకెలలో కూర్చినది. కండరంలో ఏ చలనమూ లేకపోతే సున్న. కీలు కదలకపోయినా, వేలితో తాకి చూస్తే కండరం చిన్నగా అదిరితే 1. బల్లమీద పక్కవాటుగా జరపగలిగి, బరువును పైకి ఎత్తలేకపోతే 2. భూమ్యాకర్షణకు ఎదురుగా తన బరువును తాను ఎత్తుకోగలిగితే 3. పరీక్షించేవారు చేతితో కొంత అడ్డుపెట్టినా ఎత్తగలిగితే 4. పూర్తి బలం 5.

ఈ అంకెలలో 2కు 3కు మధ్య ఉన్న అంతరమే జీవితంలో అన్నిటికంటె పెద్దది. రెండవ మెట్టుమీద ఉన్న చేయి బల్లమీద మాత్రమే జీవించి ఉన్నది. మూడవ మెట్టు ఎక్కిన చేయి గ్లాసును నోటి దగ్గరకు తీసుకొనిపోవడానికి సిద్ధపడుతున్నది. అందువలననే వ్యాయామం కూడా మెట్లుగా సాగుతుంది. కండరానికి ఏ శక్తీ లేనప్పుడు చికిత్సకుడే కీలును మెల్లగా కదుపుతాడు. దీనివలన బలం రాదు గాని, కీలు బిగుసుకుపోదు. కొద్దిపాటి శక్తి వచ్చినప్పుడు రోగి ప్రయత్నానికి చికిత్సకుని చేయి తోడవుతుంది. తరువాత రోగి ఒంటరిగా చేస్తాడు. ఆ తరువాత బరువుకు ఎదురుగా చేస్తాడు. ఒక మెట్టుమీద అవసరానికి మించి నిలబెట్టడం ఈ వృత్తిలో తరచుగా జరిగే పొరపాటు. రోగి తనంతట తాను చేయగల కదలికను ఇంకా చికిత్సకుడే చేసిపెడుతున్నాడంటే, అది దయవలె కనిపించే అపచారం.

బరువు ఎంత పెట్టవలెనన్న ప్రశ్నకు జవాబు ఒక యువ సైనిక వైద్యుని నుండి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధం చివరి సంవత్సరాలలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాలి గాయాలతో ఉన్న సైనికులకు తక్కువ బరువుతో ఎక్కువసార్లు వ్యాయామం చేయించేవారు. నెలలు గడిచినా తొడ కండరాలు కోలుకొనేవి కావు. థామస్ డెలార్మ్ తాను యౌవనంలో జబ్బుపడి లేచిన తరువాత బరువులెత్తి బలం సంపాదించినవాడు. ఆయన ఆ పద్ధతిని తిరగవేసి, ఎక్కువ బరువుతో తక్కువసార్లు చేయించాడు. ఫలితాలను 1945లో ప్రకటించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కనుగొని, దానిలో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు చేయించే క్రమం కొద్దికాలానికే వాడుకలోకి వచ్చినది. బలం పెరిగినకొద్దీ ఆ బరువునూ పెంచవలెను. అలవాటైన భారానికి కండరం స్పందించదు. అలవాటును కొద్దిగా మించిన భారానికే స్పందిస్తుంది. ఇది మొదటి సూత్రం.

రెండవది, ఏ పనిని అభ్యసిస్తే ఆ పనికే శరీరం సిద్ధపడుతుంది. కుర్చీలో కూర్చొని కాలితో బరువెత్తే అభ్యాసం మెట్లెక్కడానికి కొంత తోడ్పడుతుంది కాని, మెట్లెక్కడం నేర్పదు. మెట్లెక్కడం మెట్లమీదనే నేర్చుకోవలెను. మూడవది కఠినమైనది: వాడనిది పోతుంది. పూర్తి విశ్రాంతిలో ఉన్న కండరం తొలి వారాలలో రోజుకు సుమారు నూటికి ఒక వంతు చొప్పున బలం కోల్పోతుందని అంచనా. జబ్బుపడిన మనిషిని కదలనీయకపోవడమే సేవ అని నమ్మే ఇళ్ళలో ఈ నష్టం ప్రేమతోనే జరుగుతుంది.

ఈ సూత్రాలన్నీ ఏ పాఠ్యగ్రంథంలోనైనా దొరుకుతాయి. వాటికి ప్రాణం పోసిన కథ ఒకటి దక్షిణ భారతంలోనే, తెలుగువారు రాయవేలూరని పిలుచుకొనే వేలూరులో జరిగినది. చేయి అనే అవయవానికి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించిన కథ అది.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టినవాడు. ఇంగ్లండులో శస్త్రవైద్యం చదివి 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో చేరాడు. మరుసటి సంవత్సరం చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆరోగ్యనిలయాన్ని దర్శించినప్పుడు వేళ్ళు పంజావలె ముడుచుకుపోయిన చేతులను అనేకం చూచాడు. ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి గట్టిగా పట్టుకొనమన్నాడు. చచ్చుబడిన చేయి నుండి నీరసమైన స్పర్శను ఆశించిన వైద్యునికి, ఆ పట్టు నొప్పి కలిగించేంత బలంగా తగిలినది. చేతిలో మంచి కండరాలు ఇంకా మిగిలి ఉన్నవని ఆ క్షణంలో ఆయనకు తెలిసినది.

ఇక్కడ చేయి నిర్మాణాన్ని కొద్దిగా తెలుసుకోవలసి ఉన్నది. వేళ్ళను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి నుండి స్నాయుబంధనాలు, అంటే కండరాన్ని ఎముకతో కలిపే తెల్లని గట్టి తాళ్ళు, మణికట్టు మీదుగా వేళ్ళలోకి పోతాయి. అరచేతిలోనే ఉండే చిన్న కండరాలు వేరొక పని చేస్తాయి. అవి వేలిని మొదటి కణుపు దగ్గర వంచి, మిగిలిన కణుపులను చాపి ఉంచుతాయి. కుష్ఠువ్యాధి చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల నరాలను దెబ్బతీస్తుంది. మోచేతి దగ్గర అల్నార్ నరం, మణికట్టు దగ్గర మీడియన్ నరం దెబ్బతిన్నప్పుడు అరచేతి చిన్న కండరాలు చచ్చుబడతాయి. ముంజేతి పెద్ద కండరాలు మాత్రం చాలావరకు నిలుస్తాయి.

దీని పర్యవసానం అన్నం తినే వేళ తెలుస్తుంది. ఆరోగ్యమైన చేయి అన్నం కలిపేటప్పుడు వేళ్ళు మొదట మూలంలో వంగి, చాచిన కొనలతో మెతుకులను లోపలికి తీసుకొని ముద్ద చేస్తాయి. ఎవరైనా తన చేతిని గమనించి చూచుకొనవచ్చు. పంజా చేతిలో ఈ క్రమం తారుమారవుతుంది. వేళ్ళు కొనల నుండి చుట్టుకొంటూ వచ్చి, పట్టుకోవలసిన వస్తువును ముందుకు నెట్టివేస్తాయి. అంతటి బలమున్న చేయి పిడికెడు అన్నాన్ని ముద్దగా చేయలేదు. చేతితో భోజనం చేసే దేశంలో, నలుగురి నడుమ విస్తరి ముందు కూర్చొనే మర్యాద ఇక్కడే చేజారుతుంది.

బ్రాండ్, ఆయన సహచరులు చేసిన శస్త్రచికిత్స ఆలోచన సరళమైనది. వేలిని ముడిచే స్నాయుబంధనాలు ఒక్కొక్క వేలికి రెండేసి ఉంటాయి. ఒకటి తీసినా రెండవది ఆ పని చేయగలదు. కనుక ఒక వేలి బంధనాన్ని వేరుచేసి, నాలుగు పాయలుగా చీల్చి, అరచేతి చిన్న కండరాలు నడిచే దారిలోనే నడిపించి, నాలుగు వేళ్ళ పక్కలకు కుట్టివేస్తారు. ఒక వేలిని ముడిచే కండరం నాలుగు వేళ్ళను మూలంలో వంచి కొనలలో చాపే కండరంగా మారుతుంది. ఈ పద్ధతికి పాశ్చాత్య దేశాలలో పూర్వరూపం ఉన్నది. దానిని కుష్ఠురోగి చేతికి అన్వయించి, మెరుగులు దిద్ది, వందలకొద్దీ చేతులలో నిరూపించినది వేలూరు.

శస్త్రవైద్యుడు తాడును మార్చగలడు. మెదడులో ఆ తాడుకున్న పేరును మార్చలేడు. పుట్టినది మొదలు "నడిమివేలు ముడుచు" అనే ఆజ్ఞను మాత్రమే విన్న కండరానికి ఇప్పుడు "నాలుగు వేళ్ళూ చాపు" అనే ఆజ్ఞ అర్థం కావలెను. ఇది వ్యాయామం వలననే జరుగుతుంది. అందువలన వ్యాయామం శస్త్రచికిత్సకు ముందే మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు రూత్ థామస్ వంటివారు వేలూరులో ఈ పనికి క్రమపద్ధతి ఏర్పరిచారు. రోగి మొదట మిగిలిన వేళ్ళను కదల్చకుండా, మార్చబోయే కండరాన్ని విడిగా బిగించడం నేర్చుకొంటాడు. ఏ కండరాన్ని కదిపితే ఏమి జరుగుతుందో ముందే గుర్తుపెట్టుకొన్నవాడు శస్త్రచికిత్స తరువాత వెదకుకోనక్కరలేదు.

బిగుసుకుపోయిన కణుపులను సాగదీయడం కూడా ముందు చేయవలసిన పనే. కరిగించిన మైనంలో ముంచి, నూనె రాసి మర్దించి మెత్తపరచిన తరువాత, వేలిని చాపగలిగినంత మేరకు మాత్రమే చాపి చుట్టూ పలుచని ప్లాస్టర్ గొట్టం వేస్తారు. కొద్ది రోజులకు దానిని తీసి, మరికొంత చాపి కొత్తది వేస్తారు. ఇక్కడ బ్రాండ్ పట్టుబట్టి చెప్పిన సంగతి ఒకటున్నది. బలవంతంగా ఒక్కసారి లాగితే కణజాలం చిరుగుతుంది, చిరిగినచోట మచ్చ కట్టి మునుపటికంటె బిగుసుకుంటుంది. స్వల్పమైన బలంతో ఎడతెగక పట్టి ఉంచితే కణజాలం ఆ పొడవుకు తగినట్లు పెరుగుతుంది. గర్భిణి పొట్టమీద చర్మం ఎవరూ లాగకుండానే పెరిగినట్లు. నేటికీ కీళ్ళను "విరగదీసి" సరిచేస్తామనేవారు మన పల్లెలలో, పట్టణాలలో ఉన్నారు. వారి బలం చూచి మురిసే రోగులూ ఉన్నారు.

శస్త్రచికిత్స తరువాత మూడు వారాలు చేయి ప్లాస్టర్ కట్టులో ఉంటుంది. కట్టు విప్పిన రోజు రోగికి తరచుగా నిరాశ కలుగుతుంది. వేళ్ళు చక్కగా కనిపిస్తాయి గాని మాట వినవు. చికిత్సకుడు పాత ఆజ్ఞనే ఇమ్మంటాడు: "వెనుక ఏ వేలిని ముడిచేవాడవో ఆ వేలినే ముడవాలనుకో." రోగి అలాగే అనుకొంటాడు, నాలుగు వేళ్ళూ చాపుకొంటాయి. మొదట అది ఒక క్షణం కలిగి పోతుంది. కొద్ది నిమిషాల అభ్యాసం, తరువాత విశ్రాంతి, రోజుకు పలుమార్లు. కుట్టు ఇంకా పచ్చిగా ఉన్నది కనుక బరువు పనికిరాదు. వారం తరువాత వారం దూది ఉండలు, చెక్క దిమ్మెలు, బంకమన్ను, చివరకు అన్నపు ముద్ద. కొన్నాళ్ళకు పాత ఆజ్ఞను తలచుకోవలసిన అవసరమే ఉండదు. వ్యాయామం తొలి వారాలలో బలం పెరగడానికి కారణం కండరం లావెక్కడం కాదని, నాడీమండలం ఆ కండరాన్ని వాడుకోవడం నేర్చుకోవడమేనని శాస్త్రం చెప్పుతున్నది. వేలూరు చేతులలో ఇది కంటికి కనిపించే సత్యమైనది.

అయితే ఈ చేతులకు మరొక లోపమున్నది, అది శస్త్రచికిత్సకు లొంగనిది. వాటికి నొప్పి తెలియదు.

చికిత్సా వ్యాయామంలో మోతాదును చివరికి నిర్ణయించేది నొప్పే. కీళ్ళవాతపు రోగికి, వ్యాయామం తరువాత నొప్పి రెండు గంటలకు మించి నిలిస్తే మరుసటి రోజు మోతాదు తగ్గించవలెనని చెప్పే నియమమొకటున్నది. నొప్పి తెలియని చేతికి ఈ కొలబద్ద లేదు. బ్రాండ్ తన రచనలలో ఒక సంఘటన చెప్పినాడు. తుప్పుపట్టిన తాళం ఎంత బలంగా తిప్పినా రాకపోతే, అక్కడున్న ఒక పిల్లవాడు వచ్చి సులభంగా తీసినాడట. ఆ బలానికి ఆశ్చర్యపడుతూ చేయి చూస్తే, తాళంచెవి వేలిని ఎముకదాకా కోసినది. పిల్లవానికి తెలియనే లేదు. మనందరి చేతులలో ఆ బలం ఉన్నది, నొప్పి దానిని వాడనీయదు. కుష్ఠురోగుల వేళ్ళు వ్యాధివలననే రాలిపోతాయన్న నమ్మకం తరతరాలుగా ఉండేది. తెలియకుండా తగిలిన గాయాలు, కాలిన బొబ్బలు, వాటిలో చేరిన చీము వేళ్ళను కొంచెం కొంచెంగా తినివేస్తాయని, వాటిని నివారించవచ్చునని వేలూరు పరిశీలనలు నిరూపించినవి.

కనుక అక్కడి వ్యాయామశాలలో నొప్పికి బదులు కన్ను, చికిత్సకుని చేతిస్పర్శ పనిచేయవలసి వచ్చినది. ప్రతి ఉదయం రోగుల చేతులను తడిమి చూచేవారు. ఒక కణుపు మిగిలినవాటికంటె వెచ్చగా ఉన్నదంటే నిన్నటి మోతాదు మించినదన్నమాట, ఆ వేలికి ఆ రోజు విశ్రాంతి. పనిముట్ల పిడులు లావు చేసి, నునుపు చేసి ఇచ్చేవారు. ఏ నరమూ చెప్పనిదానిని క్రమశిక్షణ చెప్పవలసి ఉన్నది.

చేతులు బాగుపడిన తరువాత ఎవరూ ఊహించని ఫిర్యాదు ఒకటి వచ్చినది. ఈ చేతులు బిచ్చానికి పనికిరావని కొందరు రోగులు మొరపెట్టుకొన్నారు. వంకర వేళ్ళను చూచి జాలిపడి కాసు వేసినవారు తిన్నని వేళ్ళకు వేయరు. పని ఇత్తామన్నవారు లేరు, వ్యాధి పేరు వినగానే తలుపులు మూసేవారే. 1951లో కళాశాల ఆవరణలో మట్టి గుడిసెలతో ఏర్పడిన నవజీవ నిలయం ఈ ఫిర్యాదుకు సమాధానం. రోగులు అక్కడ వడ్రంగం వంటి పనులు నేర్చుకొన్నారు. చేతికి వ్యాయామం, బ్రతుకుకు వృత్తి ఒకే పనిలో కలిసినవి. చిత్రిక పట్టే చేయి ఎన్ని "పర్యాయాలు" చేసినదో లెక్కపెట్టుకోదు.

ఈ చేతుల శస్త్రచికిత్స నేర్చుకొన్న యువ వైద్యులలో కేరళకు చెందిన మేరీ వర్గీస్ ఒకరు. 1954లో జరిగిన మోటారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగమంతా చచ్చుబడినది. నిలబడలేని వైద్యురాలు చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. చిత్రమేమంటే, ఆమె శరీరంలో సగం ఇప్పుడు ఆ రోగుల చేతుల వంటిదే, నొప్పి తెలియనిది. వెన్నుపాము దెబ్బతిన్నవారు కుర్చీలో కదలకుండా కూర్చొంటే పిరుదుల దగ్గర చర్మం ఒత్తిడికి నలిగి పుండుపడుతుంది. అందుకు విరుగుడుగా కుర్చీ చేతులను రెండు చేతులతో నొక్కి దేహాన్ని పైకి లేపి, కొంతసేపు నిలిపి దించవలెను. గంటకు అనేకసార్లు, జీవితమంతా. దానికి భుజాలలో, ముంజేతులలో బలం కావలెను, ఆ బలానికి డెలార్మ్ క్రమం కావలెను. మంచం నుండి కుర్చీకి, కుర్చీ నుండి స్నానపు పీటకు మారడం కూడా ఆ భుజాల పనే.

మేరీ వర్గీస్ న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యంలో శిక్షణ పొంది తిరిగివచ్చి, 1960ల ఆరంభంలో వేలూరు కళాశాలలో ఆ శాఖకు అధిపతి అయినది. 1966లో రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ అక్కడ వెలసినది. 1972లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించినది. 1986లో ఆమె మరణించినది. పొరుగున బంగ్లాదేశ్‌లో ఇదే పనిని వాలెరీ టేలర్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్టు చేపట్టినది. ఢాకాలోని ఒక ఆసుపత్రి ఆవరణలో వాడకుండా పడి ఉన్న గోదాములలో 1979లో ఆమె ఆరంభించిన పక్షవాత పునరావాస కేంద్రం తరువాత సావర్‌లో స్థిరపడి ఆ దేశంలో ప్రముఖ సంస్థగా ఎదిగినది. సరిహద్దులు మారినా చక్రాల కుర్చీలో కూర్చొన్న మనిషి భుజాలకు ఇచ్చే మోతాదు మారలేదు.

తెలుగునాట కూడా ఈ పనికి స్థానమున్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లి కుష్ఠురోగ చికిత్సాలయం ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలనాటిది. రాణీ కుముదినీదేవి 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం మరొకటి.

కుష్ఠువ్యాధి నేడు మందులతో పూర్తిగా నయమవుతుంది. 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్స దాని రూపురేఖలే మార్చినది. 2005 నాటికి దేశం మొత్తంమీద అది ప్రజారోగ్య సమస్య స్థాయికి దిగువకు వచ్చినదని ప్రకటించారు. కాని 2023లో కూడా మన దేశంలో లక్షకు పైగా కొత్త రోగులను గుర్తించారు. ప్రపంచంలో కొత్తగా కనిపించే కుష్ఠురోగులలో సగానికి పైగా ఇక్కడివారే. మందు క్రిములను చంపుతుంది, ముడుచుకుపోయిన వేలిని చాపదు. సమాజం సంగతికి వస్తే, ఈ వ్యాధిని విడాకులకు కారణంగా చూపే వీలును చట్టాల నుండి తొలగించడానికి 2019 వరకు ఆగవలసి వచ్చినది. ఫిజియోథెరపిస్టులతో సహా ఆరోగ్య అనుబంధ వృత్తులవారికి జాతీయస్థాయి చట్టం 2021లో వచ్చినది. ఇంత ఆలస్యానికి క్షమార్హమైన కారణమేదీ కనిపించదు.

నరం దెబ్బతిన్న తొలి నెలలలోనే గుర్తిస్తే, తగిన మందులతో అది తిరిగి కోలుకొనే అవకాశమున్నది. అందాకా వేళ్ళు బిగుసుకుపోకుండా చూచుకోవడం రోగి చేతిలోనే ఉన్నది. ఆరోగ్య కార్యకర్తలు పల్లెలలో నేర్పే పద్ధతికి ఏ పరికరమూ అక్కరలేదు. రోజూ ఒక గిన్నెలో మామూలు నీళ్ళు పోసి, ఇరవై నిమిషాలు చేయి నానబెట్టవలెను. నీళ్ళు వేడిగా ఉన్నవో లేవో ఆ చేతికి తెలియదు కనుక, స్పర్శ ఉన్నవారెవరైనా ముందు తాకి చూడవలెను. తడి తుడిచి, తేమ ఆరకముందే నూనె రాయవలెను. వాడిన చేతిని వెల్లకిలా తొడమీద పెట్టి, రెండవ చేతి అంచుతో అరచేయి నుండి వేళ్ళ కొనలదాకా మెల్లగా ఒత్తుతూ చాపవలెను. తరువాత మొదటి కణుపుల దగ్గర వేళ్ళను వంచి పట్టుకొని, కొనలను స్వంత బలంతో ఎంతవరకు చాపగలిగితే అంతవరకు చాపవలెను. చివరగా, పొద్దుటి వెలుతురులో వేళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా తిప్పి చూడవలెను, ఎక్కడైనా ఎర్రదనం, బొబ్బ, కొత్త గీత ఉన్నవేమోనని. ఇరుగుపొరుగు ఇళ్ళలో కాఫీ కాచుకొనే వేళకు ఈ పని పూర్తవుతుంది.